గోదాము తాళము, దాని చెవి, దాని లెక్క

సంఘము గోదాములో నున్న సరుకు ఎవరిదని అడిగితే చాలమంది సభ్యులు "సంఘానిది" అని చెప్పుదురు. ఆ మాట సగమే నిజము. అక్కడ బీరువాలో నున్న పట్టునూలు రేపు ఎవరి మగ్గముమీదికో ఎక్కవలసిన పడుగు. అలమరలో మడతపెట్టి యున్న చీరలు, ఇంకను కూలి పూర్తిగా ముట్టని ఇండ్ల కష్టము. కాబట్టి గోదాముకు కాపు అనునది కార్యదర్శి ఒక్కని పని కాదు. ఈ సంగతి నేను సుఖముగా తెలుసుకొనలేదు.

2017వ సంవత్సరము వేసవిలో గోరేబాళలో మా గోదాము నుండి నాలుగు కిలోల పట్టునూలు పోయినది. ఉదయము తలుపు తీయబోతే తాళముకప్ప వేసినది వేసినట్లే యున్నది. గొళ్ళెము చెదరలేదు, పైకప్పు రేకు కదలలేదు, గోడకు కన్నము లేదు. స్టాకు పుస్తకముతో సరిచూచినప్పుడు గాని పోయిన సంగతి తెలియలేదు. అప్పటికి ఆ తాళమునకు మూడు చెవులు. ఒకటి నావద్ద, ఒకటి కోశాధికారి వద్ద, మూడవది ఆఫీసు గదిలో మేకుకు వ్రేలాడుచుండెడిది. నూలు పంపిణీ రోజున ఎవరికి తొందరయితే వారు ఆ మేకు చెవి తీసికొని పోయి తలుపు తెరచెడివారు. ఆ మేకు కొట్టించినది నేనే.

పోలీసులకు ఫిర్యాదు చేసితిమి. నూలు దొరకలేదు. అంతకంటె పెద్ద నష్టము తరువాత వచ్చినది. ఆ వారములో మేకు చెవిని ఎవరు తీసిరి, ఎవరు చూచిరి అని నాలుగిండ్ల మధ్య మాటలు పెరిగినవి. "సెక్రటరీ గారూ, అడిగేదేదో మా మొహాన అడగండి, వెనకాల వద్దు" అని ఒక పెద్దాయన నా యెదుట నిలుచుండి అన్నాడు. నాకు జవాబు లేదు. ఎవరు తీసికొన్నదీ వ్రాసిన కాగితము లేనప్పుడు నిర్దోషికి కూడ తన నిర్దోషిత్వమును చూపుకొనుటకు దారి ఉండదు. ఆ కుటుంబము మరుసటి సంవత్సరము సంఘమును విడిచి పోయినది.

భీమా సంగతి కూడ చెప్పవలెను. మాకు బర్గ్లరీ పాలసీ యున్నది. ప్రీమియము సకాలములో కట్టుచుంటిమి. అయినను సొమ్ము రాలేదు. ఆ పాలసీలో దొంగతనమనగా బలప్రయోగముతో, అనగా తాళము పగులగొట్టియో గోడ త్రవ్వియో, లోనికి చొచ్చుట లేక బయటపడుట అని వ్రాసియున్నది. మావద్ద పగిలినదేదియు లేదు. ఇటువంటి షరతు గల పాలసీలో బలప్రయోగము కనబడనిదే సొమ్ము రాదని సుప్రీంకోర్టు 2004లోనే తీర్పు చెప్పియున్నది. ఆ సంగతి నాకు నష్టము జరిగిన తరువాతనే తెలిసినది. పాలసీ తీసికొనునప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడుగుడు. తలుపు పగులకుండ జరిగిన దొంగతనము చేరునా? లోపలివారి చేతివాటము చేరునా? జవాబు నోటిమాటగా గాక కాగితముమీద తీసికొనుడు.

ఇప్పుడు మావద్ద మేకు లేదు. చెవులు రెండే. ఒకటి కార్యదర్శి వద్ద, రెండవది అధ్యక్షుని వద్ద లక్కముద్ర వేసిన కవరులో. చెవి పుస్తకమని వేరుగా ఒక నోటుబుక్కు పెట్టితిమి. తేదీ, తెరచిన వేళ, మూసిన వేళ, పని, సంతకము, ఇంతే. పంపిణీ రోజున ఇద్దరు కలిసి తెరచి, ఇద్దరు కలిసి మూయుదురు. మొదట కొందరు నవ్విరి, "మామీద నమ్మకము లేదా" అని కొందరు నొచ్చుకొనిరి. పుస్తకము నమ్మకము లేక పెట్టినది కాదు, రేపు మీమీద మాట పడకుండ పెట్టినది అని ఒక్కొక్కరి యింటికి పోయి చెప్పవలసి వచ్చినది. చెవి ఒకసారి పోయినదంటే మరల దొరికినను తాళము మార్చవలెను. పోయిన కాలములో అది ఎక్కడ తిరిగినదో, దానికి నకలు తీయబడినదో లేదో ఎవరికి తెలియును?

ఇక తాళము ఎన్నిక. ఎవరును తెరువలేని తాళమని అంగడివాడు చెప్పినచో నమ్మవద్దు. లండనులో బ్రామా కంపెనీవారు తమ తాళమును అంగడి కిటికీలో పెట్టి, దీనిని తెరచినవానికి 200 గినీలు ఇత్తుమని ప్రకటించిరి. అది అరువది యేండ్లకు పైగా ఎవరికిని లొంగలేదు. 1851లో హాబ్స్ అను అమెరికా దేశస్థుడు పదునారు రోజులలో మొత్తము 51 గంటలు కూర్చుండి దానిని తెరచినాడు. దీనినిబట్టి తాళము దొంగను ఆపునది కాదు, ఆలస్యము చేయునది అని తెలియుచున్నది. ఆ ఆలస్యములో ఎవరైన చూడవలెను, కుక్క మొరగవలెను, దీపము వెలుగవలెను.

మన ప్రాంతములో దొంగకు 51 గంటలు అక్కరలేదు, ఎందుకనగా అతడు తాళము జోలికే పోడు. గొళ్ళెమును పట్టిన మరమేకులను స్క్రూడ్రైవరుతో విప్పును. అందుచేత గొళ్ళెమునకు మరమేకులు కాక తలుపునకు ఆరపార పోవు బోల్టులు వేసి, నట్టు లోపలి వైపున బిగించవలెను. మడతబందులు బయటికి కనబడు తలుపులో బందు చీల ఊడదీసిన చాలును, తాళము వేసినట్లే యుండి తలుపు ఊడి వచ్చును. తలుపు గట్టిదై ద్వారబంధము చెదలు తిన్నదైతే ప్రయోజనము లేదు. పెంకులు, రేకులు కప్పిన గోదాములకు పైనుండి దిగుట సులువు గనుక రేకుల క్రింద ఇనుప జాలీ వేయించుడు. పాత గోదాములో ఎంతో ఖరీదైన తాళము, దాని ప్రక్కనే చేయి దూరు కిటికీ ఉండుట నేను అనేక చోట్ల చూచితిని. ఖర్చు పెట్టదలచినచో ముందు తలుపునకు, గొళ్ళెమునకు, తరువాతనే తాళమునకు పెట్టవలెను.

నేతవారి తాళమునకు మరియొక శత్రువు కలదు. అది నూలు దుమ్ము. తాళము బిగిసినదని నూనె పోయుదుము. ఆ నూనెకు దుమ్ము, పీచు అంటుకొని లోపల జిగురుగా తయారగును, నాలుగు నెలలలో తాళము మరల బిగియును. చెవి దూరు రంధ్రములో పెన్సిలు లోపలి నల్లని గ్రాఫైటు పొడి కొంచెము వేసి, చెవిని నాలుగుసార్లు త్రిప్పిన చాలును. వంపు కడ్డీకి మాత్రము కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయవచ్చును. మిగిలినది గుడ్డతో తుడిచివేయుడు.

కెమెరాల సంగతి చాలమంది అడుగుచున్నారు. ఇంటివారికై కెమెరా కాపు ఏర్పాటునకు 1969లో అమెరికాలో పేటెంటు పొందిన మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అను ఆమె ఆసుపత్రి నర్సు. వేళకాని వేళ తలుపు తట్టినది ఎవరో తెరువకయే చూచుటకు భర్తతో కలిసి దానిని తయారుచేసినది. ఆమె ఉద్దేశము గుర్తుంచుకొనుడు. చూచువారు లేని కెమెరా గోడకు అలంకారము. రాత్రివేళ కెమెరా కనబడని వెలుగును వెదజల్లును. దానికి పురుగులు చేరును, పురుగులకై సాలెపురుగు వచ్చి అద్దముమీద గూడు కట్టును. వారమునకొకసారి తుడువనిదే బొమ్మ కనబడదు. డిస్కు నిండగానే పాత బొమ్మలు చెరిగి క్రొత్తవి ఎక్కును గనుక ఎన్ని రోజులు నిలుచునో కొన్ననాడే అడిగి, దొంగతనము తెలిసిన రోజుననే నకలు తీయించుడు. బొమ్మలు వ్రాయు పెట్టెను గోదాములోనే ఉంచినచో దొంగ దానినిగూడ మోసికొనిపోవును. దానిని వేరు గదిలో ఉంచి, కరెంటు పోయినను నడచుటకు బ్యాటరీ పెట్టవలెను. కంపెనీవారిచ్చిన సంకేతపదము 1234 వంటిది వెంటనే మార్చుడు. గడియారము సరిగా లేని కెమెరా సాక్ష్యము కోర్టులో తగవు తెచ్చును. మరియొక మాట. మన ఇండ్లలో మగ్గము, వంట, పడక ఒకే చోట. గోదాము కెమెరా ప్రక్కయింటి వాకిలివైపు, ఆడవారు నీళ్ళుపోసికొను చోటువైపు తిరుగకుండ చూడవలెను. ఒకచోట ఈ విషయమై పెద్ద తగాదా జరిగినది.

ఇన్ని తాళములు చెప్పిన తరువాత వాటికి వ్యతిరేకమైన మాట ఒకటి చెప్పక తప్పదు. 1911 మార్చి 25వ తేదీన న్యూయార్కు నగరములో ట్రయాంగిల్ అను దుస్తుల కర్మాగారము తగులబడి 146 మంది చనిపోయిరి. అందులో ఎక్కువమంది పడుచు ఆడపిల్లలు. బయటపడు ద్వారమొకటి తాళము వేసియున్నది. పనివారు గుడ్డ దొంగిలింతురేమో యని పోవునప్పుడు సంచులు వెదకుటకై యజమానులు అట్లు మూయించెడివారని చెప్పుదురు. మన గోదాములలోను పండుగ ముందర సరుకు ఎక్కువైనప్పుడు కాపలాకు కుర్రవానిని లోపల పండుకొనబెట్టి బయట తాళము వేయు అలవాటు కలదు. నూలు, కాగితము, పాత వైర్లు ఉన్న గదిలో అది ఎంతమాత్రము కూడదు. మనిషి లోపల ఉన్నంతసేపు తలుపు లోపలినుండి చెవి లేకుండ తెరచుకొనవలెను. మంటలార్పు సిలిండరు ముల్లు పచ్చగీతలో ఉన్నదో లేదో నెలకొకసారి చూచి చెవి పుస్తకములోనే వ్రాయుడు. ఆపదవేళ కర్ణాటకములోనైనను ఆంధ్ర, తెలంగాణములలోనైనను 112కు ఫోను చేయవచ్చును. ఆ అంకె తలుపు లోపలివైపున పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుడు.

మా గోదాము తలుపునకు లోపలి గడియ అమర్చి, గొళ్ళెమునకు ఆరపార బోల్టులు వేయుటకు వడ్రంగికి ఒక పూట పని పట్టినది. 2017లో మేకు కొట్టిన చోట ఇప్పుడు చెవి పుస్తకము దారముతో కట్టి వ్రేలాడుచున్నది.