జన్మతః మూత్రమార్గ అవరోధం - జంతు నమూనాలు

జన్మతః మూత్రమార్గ అవరోధం అనగా శిశువు తల్లి గర్భంలో ఉండగానే మూత్రం బయటకు పోయే దారిలో అడ్డు ఏర్పడడం. ఈ అడ్డు మూత్రపిండం నుండి మూత్రనాళం మొదలయ్యే చోట ఉండవచ్చు. మగశిశువులలో ప్రసేకం లోపల పలుచని పొరల రూపంలోనూ ఉండవచ్చు. ఈ పొరలను ప్రసేక కవాటాలు అంటారు. వీటిని హ్యూ హాంప్టన్ యంగ్ 1919లో వర్గీకరించాడు. సుమారు 5,000 నుండి 8,000 మంది మగశిశువులలో ఒకరికి ఇవి ఉంటాయి.

మూత్రం వెనుకకు నిలిచిపోతే మూత్రపిండం ఉబ్బుతుంది. దీని పేరు హైడ్రోనెఫ్రోసిస్. కొవ్వూరు, రాజమండ్రి వంటి ఊళ్ళలో గర్భిణులకు చేసే స్కానింగులో కూడా ఈ ఉబ్బు కనబడుతుంది. అయితే ఉబ్బిన ప్రతి మూత్రపిండమూ చెడిపోదు, చాలామందిలో ఉబ్బు దానంతట అదే తగ్గుతుంది. ఎవరికి చెడిపోతుంది, అడ్డును ఎప్పుడు తొలగించాలి అనే ప్రశ్నలకు స్కానింగు ఒక్కటే సమాధానం చెప్పలేదు. గర్భస్థ శిశువు మూత్రపిండాన్ని కోసి చూడడం కుదరదు కనుక పరిశోధకులు జంతువులను ఆశ్రయించారు.

గొర్రెలు

మనిషిలో నెఫ్రాన్లు (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగాలు) గర్భం 36వ వారం నాటికి ఏర్పడడం పూర్తవుతుంది. ఆ తరువాత కొత్తవి పుట్టవు. గొర్రెలో కూడా ఈ పని పుట్టుకకు ముందే ముగుస్తుంది. పైగా గొర్రె గర్భం శస్త్రచికిత్సను తట్టుకోగలదు. 1971లో బెక్ అనే పరిశోధకుడు గర్భంలోని గొర్రెపిల్లల మూత్రనాళాన్ని కట్టివేసి చూశాడు. గర్భం తొలి సగంలో కడితే మూత్రపిండ నిర్మాణమే వికృతమైంది. ఆలస్యంగా కడితే ఉబ్బు మాత్రమే వచ్చింది. అడ్డు ఎక్కడ ఉన్నదన్న దానితో పాటు ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యమని దీనితో తేలింది.

గర్భస్థ శిశువు మూత్రమే ఉమ్మనీటిలో అధిక భాగం. అది తగ్గితే ఊపిరితిత్తులు ఎదగవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం గొర్రెపిల్లలలో ప్రసేకాన్ని మూసి ఈ స్థితిని కల్పించింది. గర్భంలోనే అడ్డు తొలగిస్తే ఊపిరితిత్తులు మెరుగుపడతాయని కూడా చూపింది. అదే బృందం 1981లో మానవ పిండానికి శస్త్రచికిత్స చేసింది. ఆ శిశువు పుట్టింది గాని, ఊపిరితిత్తులు ఎదగనందున బ్రతకలేదు. గొర్రెపిల్లలో అడ్డు ఏ రోజున వచ్చిందో పరిశోధకునికి తెలుసు. మానవ శిశువులో తెలియదు. ఈ తేడా చిన్నది కాదు. మూత్రాశయం నుండి ఉమ్మనీటిలోకి గొట్టం వేసే చికిత్సపై బ్రిటన్ కేంద్రంగా జరిగిన ప్లూటో పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. తగినంతమంది చేరక ముందుగానే ఆగిపోయిన ఈ పరీక్షలో పాల్గొన్నవారు 31 మంది గర్భిణులే. చికిత్స పొందిన శిశువులు ఎక్కువగా బ్రతికినట్లు కనిపించినా, మామూలుగా పనిచేసే మూత్రపిండాలు దక్కినవారు చాలా కొద్దిమంది.

ఎలుకలు

ఎలుక పుట్టిన తరువాత కూడా సుమారు వారం పాటు దానిలో కొత్త నెఫ్రాన్లు ఏర్పడుతూనే ఉంటాయి. అనగా అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మూత్రపిండం గర్భం మధ్యకాలంలోని మానవ శిశువు మూత్రపిండంతో పోల్చదగినది. కనుక తల్లి గర్భాన్ని తెరవకుండానే ప్రయోగం చేయవచ్చు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షెవాలియర్ బృందం ఎలుకపిల్లల మూత్రనాళాన్ని కొద్దిరోజులు మూసి, మళ్ళీ తెరిచింది. అడ్డు తీసినా ఆ మూత్రపిండంలో నెఫ్రాన్లు దాదాపు సగమే మిగిలాయి. మిగిలినవి అధిక భారం మోస్తాయి కనుక కొంతకాలం పనితీరు బాగానే ఉన్నట్లు కనబడవచ్చు. చిన్ననాడు చికిత్స పొందినవారిని పెద్దయ్యాక కూడా పరీక్షిస్తూ ఉండాలనడానికి ఇది ఒక కారణం.

చుంచెలుకలు

చుంచెలుకలలో కత్తితో పని లేదు, జన్యువు మారిస్తే చాలు. 2007లో వర్ణించిన 'మెగాబ్లాడర్' చుంచెలుకలో మూత్రాశయానికి కండర పొర సరిగా ఏర్పడదు. 2006లో వర్ణించిన మరొక రకంలో అసలు అడ్డే లేదు. ఆక్వాపోరిన్-2 అనే జన్యువులో లోపం వలన అమితంగా మూత్రం తయారై మూత్రపిండం ఉబ్బుతుంది. ఉబ్బు కనబడగానే అడ్డు ఉన్నదని అనుకోరాదని దీనివలన తెలుస్తుంది.

పరిమితులు

దారంతో కట్టిన అడ్డు హఠాత్తుగా, పూర్తిగా వస్తుంది. శిశువులలో అది చాలావరకు పాక్షికం, వారాల తరబడి సాగేది. అందువలన నాళాన్ని పాక్షికంగా బిగించే పద్ధతులు మనిషి వ్యాధికి మరింత దగ్గర, కాని బిగింపు ప్రతి జంతువులో ఒకేలా ఉండేలా చూడడం కష్టం. భారతదేశంలో ఇటువంటి ప్రయోగాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నియమాల పరిధిలోకి వస్తాయి. ప్రతి ప్రయోగానికీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలి.