కొల్లేటి పక్షికి ఫొటో తీద్దామా?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో గుండుగొలను వస్తుంది. ఊరి పేరులోనే కొలను ఉంది చూశారా? ఆ ఊరికి దక్షిణాన ఉన్నదే కొల్లేరు సీమ. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సును ఉప్పుటేరు బంగాళాఖాతంతో కలుపుతుంది. చలికాలంలో మన సముద్రతీరానికీ, ఇలాంటి పెద్ద సరస్సులకూ ఎక్కడెక్కడి నుంచో పక్షులు వలస వస్తాయి. వాటిలో తెల్లగా, సన్నని రెక్కలతో నీటిపై తిరిగే గల్ పక్షులు కూడా ఉంటాయి.

వీటిలో రెండు జాతులు కవలల్లా ఉంటాయి. వేసవిలో ఒకదాని తల లేత గోధుమరంగు, రెండోదాని తల ముదురు చాక్లెట్ రంగు. చలికాలంలో రెండింటి తలలూ తెల్లబడి, చెవి దగ్గర ఒక నల్లమచ్చే మిగులుతుంది. మరి గుర్తుపట్టేదెలా? రెక్క కొసను చూడాలి. పెద్దదైన గోధుమతల గల్‌కు నల్లని రెక్క కొసలో తెల్లచుక్కలుంటాయి. లడఖ్, టిబెట్ పీఠభూముల్లో గుడ్లు పెట్టే పక్షి అది. మీ ఫొటోలో ఆ చుక్క కనబడితే చాలు, పక్షి పేరు దొరికినట్లే! అందుకు మూడు సంగతులు తెలియాలి.

మొదటిది వేగం. పక్షి సెకనుకు 10 మీటర్లు ఎగురుతోందనుకుందాం. కెమెరా షట్టరు సెకనులో 100వ వంతు కాలం తెరుచుకుంటే, ఆలోగా పక్షి 10 సెంటీమీటర్లు జరుగుతుంది. చుక్క కాస్తా చెరిగిపోతుంది. అదే 1000వ వంతు అయితే జరిగేది 1 సెంటీమీటరే.

రెండోది వెలుతురు. దృశ్యమంతా సగటున బూడిదరంగులో ఉంటుందని కెమెరా లెక్క వేసుకుంటుంది. చుట్టూ నల్లని నీరుంటే చీకటిగా ఉందనుకొని ఎక్కువ కాంతిని తీసుకుంటుంది. అప్పుడు తెల్లని పక్షి సున్నపు మరకలా పడుతుంది. కనుక నీటిపై కాంతి తగ్గించాలి; మెరిసే ఆకాశంలో పెంచాలి. నల్లగుడ్డ మీద చిన్న దూదిపింజ పెట్టి, ఇంట్లోనే ఫొటో తీసి చూడండి. ఉదయం పూట సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకొని నిలబడితే పని సులువు.

మూడోది దూరం. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వలసపక్షి మేత తిని ఒంట్లో కొవ్వు దాచుకుంటుంది. తిరుగుప్రయాణానికి అదే దారిబత్తెం. మీరు బెదరగొట్టి లేపిన ప్రతిసారీ అందులో కొంత వృథా అవుతుంది. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూళ్ళు పెట్టే గూడబాతుల విషయంలో మరీ జాగ్రత్త. తల్లి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ, కాకులకూ చిక్కుతాయి. పక్షి మేత మాని, మెడ చాచి మిమ్మల్నే చూస్తోందా? అక్కడే ఆగిపోండి. అవసరమైతే రెండడుగులు వెనక్కి వేయండి.

ఫొటో తీశాక తేదీ, చోటు, వేళ, పక్షుల సంఖ్య నోటుపుస్తకంలో రాసుకోండి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో చేసేది ఇలాంటి పనే. కొల్లేరు 1999లో అభయారణ్యమయింది. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. కానీ ఈ ఏడు ఏ పక్షి వచ్చిందో, ఏది రాలేదో చెప్పవలసింది చూసినవారే. తేదీ లేని ఫొటో బొమ్మ మాత్రమే. తేదీ ఉన్న ఫొటో సాక్ష్యం.