ఫ్లోరోసిస్‌ వ్యాధి – ఎముకల శస్త్రచికిత్స

నల్లగొండ జిల్లా పేరు విదేశీ వైద్య పత్రికలకు పరిచయమైనది త్రాగునీటి మూలముననే. 1955లో డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి వ్రాశారు. అంతకు పూర్వమే 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి గుర్తింపబడినది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల అడుగున ఉన్నది గ్రానైటు శిల. అందలి ఫ్లోరైడు బావినీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన వారి ఎముకలలో ఫ్లోరైడు పేరుకొంటుంది. అట్టి ఎముక చూపునకు దట్టమైనదే గాని పెళుసైనది. కీళ్ళను బంధించే స్నాయువులు సైతం ఎముకవలె గట్టిపడతాయి. తుంటికీలు బిగుసుకొన్న మనిషి నాటు వేయుటకు వంగలేడు, నమాజులో సజ్దా చేయలేడు. వెన్నెముక నడుమ వెన్నుపాము నలిగినచో కాళ్ళు చచ్చుబడతాయి.

మరి ఆపరేషనుతో ఇది నయము కాదా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ పాదాలు ఎడమగు వికృతిని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు ‘లాన్సెట్’లో వివరించారు. ఇది ఎక్కువగా ఎదిగే వయస్సు పిల్లలలో కనబడినది. ఎముకను కోసి, సరిచేసి, అతికించి కాలును నిలువుగా చేయవచ్చును. కాని పిల్లవాడు మరల ఆ బావినీటినే త్రాగుచుండిన, ఎదుగుచున్న ఎముక మరల వంగే ప్రమాదమున్నది. వెన్నుపాము మీది ఒత్తిడిని తొలగించే ఆపరేషను ఇంతకంటె కఠినము; ఎముక రాయివలె ఉండుటయే అందుకు కారణము. చాలాకాలము నలిగిన నరము పూర్తిగా కోలుకొనుట అరుదు.

తుంటికీలు విషయములో ఇతర దేశాల అనుభవమొకటి ఇచ్చట గమనింపదగినది. తొడ ఎముక తల, తుంటిగిన్నె అంచు ఒరసుకొనుట కీలు అరుగుదలకు దారితీస్తుందని 2003లో స్విట్జర్లాండు వైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ బృందము వివరించినది. సన్నని గొట్టము ద్వారా కీలులోనికి చూచి, అధికమైన ఎముకను చెక్కివేసే ఆర్థ్రోస్కోపీ దీనికి చికిత్స. 2018లో ‘లాన్సెట్’లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో, ఒక సంవత్సరము తరువాత వ్యాయామ చికిత్స పొందినవారి కంటె ఆపరేషను పొందినవారి స్థితి మెరుగుగా ఉన్నది. పదేండ్లు, అంతకు మించి గమనించిన వైద్యులు చెప్పునది వేరొకటి: మృదులాస్థి అరగకముందు వచ్చినవారికి మేలు నిలుస్తుంది, అరిగిన తరువాత వచ్చినవారిలో పలువురికి చివరకు కృత్రిమ కీలు తప్పదు. మన ఫ్లోరోసిస్‌ రోగి ఆసుపత్రికి చేరునది సాధారణముగా కీలంతయు బిగిసిన పిమ్మట. అంచు చెక్కినంత మాత్రమున అతనికి ప్రయోజనము స్వల్పము.

అందుచేత చికిత్స నీటితోనే ఆరంభము కావలెను. నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రజ్ఞులు 1970ల దశకములో పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. (పేరు మనది, రోగమూ మనదే!) 2015లో చౌటుప్పల్‌లో పైలాను వెలసిన మిషన్ భగీరథ ద్వారా పల్లెలకు నదీజలము అందినది. అయినను ఇండ్లలో, పొలాలవద్ద బోరునీరు త్రాగువారు ఉన్నారు. నీటిని మరిగించిన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొలది దాని పాలు పెరుగుతుంది. మన హాస్టలు బోరునీటిని కమిటీవారు ప్రతి వేసవిలో పరీక్ష చేయింపగోరుతున్నాను.