మాండలిన్ శ్రీనివాస్

వీణ, వేణువు, మృదంగం, నాగస్వరం దక్షిణదేశంలో తరతరాలుగా ఉన్న వాద్యాలు. వయొలిన్ మాత్రం ఐరోపా నుండి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చుకొని కర్ణాటక సంగీతానికి అనువుగా మలిచారు. నేడు వయొలిన్ లేని గాత్ర కచేరీ అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో మరొక పాశ్చాత్య వాద్యాన్ని అదే దారిలో నడిపించిన తెలుగువారు ఉప్పలపు శ్రీనివాస్. వాద్యం పేరే ఇంటిపేరుగా మారి ఆయన 'మాండలిన్ శ్రీనివాస్' అయ్యారు.

శ్రీనివాస్ పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ల వయసులో శ్రీనివాస్ తండ్రి వద్ద ఉన్న మాండలిన్‌ను చేతిలోకి తీసుకొన్నారు. కుమారుని ఆసక్తి గమనించిన తండ్రి తానే తొలిపాఠాలు చెప్పారు. తరువాత తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు వద్ద చేర్పించారు. సుబ్బరాజు ప్రసిద్ధ గాయకులైన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుచేత గురువు పాడేవారు. శిష్యుడు విని, అదే సంగీతాన్ని తీగల మీద పలికించేవాడు. ఈ పద్ధతి వల్ల వాద్యం మీద పాటను పాడించే నేర్పు ఆ బాలునికి చిన్ననాడే అలవడింది.

అది సులువైన పని కాదు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలుగా ఎనిమిది లోహపు తీగలు ఉంటాయి. జతలోని రెండు తీగలను ఒకే స్వరానికి శ్రుతి చేసి, రెంటినీ కలిపి మీటుతారు. మీటిన స్వరం ఖంగుమని పలికి త్వరలోనే ఆగిపోతుంది. సినిమా పాటలకు, లలిత సంగీతానికి ఇది చక్కగా సరిపోతుంది. కర్ణాటక సంగీతానికి మాత్రం గమకం ప్రాణం. స్వరం ఊగడం, కంపించడం, ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం మొదలైనవన్నీ గమకాలే. అవి లేనిదే రాగస్వరూపం తెలియదు. వయొలిన్‌కు మెట్లు లేవు కనుక దాని తీగ మీద వేలు అడ్డు లేకుండా జారుతుంది. వీణకు మెట్లున్నా తీగను పక్కకు లాగి గమకం పలికించవచ్చు. మాండలిన్ మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బిగువైన జంట తీగలను ఒకే కొలతలో లాగడం కష్టం. ఒకటి కాస్త ఎక్కువ సాగినా అపశ్రుతి వినిపిస్తుంది.

శ్రీనివాస్ ఈ చిక్కును తొలగించుకొన్నారు. జంట తీగలను విడిచి ఐదు ఒంటి తీగలు గల మాండలిన్‌ను ఎన్నుకొన్నారు. ధ్వనిని పెంచే ఎలక్ట్రిక్ మాండలిన్ కావడంతో స్వరం ఎక్కువసేపు నిలిచింది. ఈ మార్పులకు గంటల తరబడి చేసిన సాధన తోడై, ఆ చిన్న వాద్యం మీద రాగాలాపన, కీర్తన, స్వరకల్పన అన్నీ స్పష్టంగా పలికాయి.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ జరిగింది. అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసులో ప్రముఖ సంగీత సభ వేదికపై వాయించారు. ఈ వాద్యం శాస్త్రీయ సంగీతానికి పనికిరాదని మొదట సందేహించినవారు కూడా ఆ బాలుని వాదనం విని మెచ్చుకొన్నారు. 1983లో, పద్నాలుగో ఏట, జర్మనీలోని బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పాల్గొన్నారు. 1998లో భారత ప్రభుత్వం ఆయనకు 'పద్మశ్రీ' ఇచ్చింది. గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ నడిపిన 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరి అనేక దేశాలలో కచేరీలు చేశారు. ఎక్కడ వాయించినా వినయం, చిరునవ్వు ఆయనను విడువలేదు.

2014లో ఆయన కాలేయం దెబ్బతిన్నది. కాలేయ మార్పిడి చికిత్స జరిగినా ఆరోగ్యం కుదుటపడలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై ఐదేళ్లు మాత్రమే.

ముప్పై తొమ్మిదేళ్లు వాద్యంతో గడిపిన కళాకారుని జీవితాన్ని అర్ధాంతరమని ఎందుకు అనాలి? సంగీత విద్వాంసుని జీవితంలో నలభై ఐదేళ్లు నడిమి వయసే. గోదావరి ప్రాంతం నుండే బాలమేధావిగా బయలుదేరి మద్రాసులో స్థిరపడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 2016 వరకు జీవించారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా పాడారు. ఆయన ఎన్నో కృతులు రచించారు, కొత్త రాగాలను కల్పించారు, శిష్యులను తీర్చిదిద్దారు. అటువంటి దీర్ఘమైన కాలం శ్రీనివాస్‌కు దక్కలేదు.

ఒక వాద్యం ఒక సంప్రదాయంలో వేరూనడానికి చాలామంది చేతులు కావాలి. బాలుస్వామి దీక్షితుల తరువాత కొన్ని తరాలు శ్రమించగా, బెంగుళూరులో పుట్టి విజయనగరంలో పేరుపొందిన ద్వారం వెంకటస్వామి నాయుడు వంటివారి కాలానికి వయొలిన్ నిండుగా ఎదిగింది. కర్ణాటక మాండలిన్‌కు శ్రీనివాస్‌దే తొలితరం. 2023లో 'శక్తి' బృందం కొత్త ఆల్బమ్ వెలువరించినప్పుడు అందులో మాండలిన్ లేదు; వయొలిన్ ఉంది. ఆ లోటు ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

అయితే దారి మూసుకుపోలేదు. తమ్ముడు యు. రాజేష్, ఇతర శిష్యులు మాండలిన్ వాయిస్తూనే ఉన్నారు. శ్రీనివాస్ కచేరీల రికార్డులు ఎన్నో లభిస్తున్నాయి. అయితే రికార్డు వినిపిస్తుందే గాని తప్పు దిద్దదు. సుబ్బరాజు పాడగా శిష్యుడు విని వాయించినట్లు, గురువు ఎదుట కూర్చొని నేర్చే పిల్లలు ఉన్నంతకాలం ఆ చిన్న వాద్యం కర్ణాటక సంగీతంలో పలుకుతూనే ఉంటుంది.