ఒకే గాలి, రెండు రంగులు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. పీఎం 2.5 అంటే మన వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే సన్నటి ధూళి. ఒక ఘనపు మీటరు గాలిలో అది రోజు సగటున 50 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన దేశపు ఏక్యూఐ ఫార్ములాలో వేస్తే దాదాపు 83 వస్తుంది. లేత ఆకుపచ్చ రంగు, "సంతృప్తికరం" అనే మాట. అదే 50ని అమెరికా ఫార్ములాలో వేస్తే సుమారు 137. నారింజ రంగు. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు జాగ్రత్త అని హెచ్చరిక.

గాలి ఒకటే, పీల్చే మనిషీ ఒకడే. మారింది హద్దు. మన భాషలో చెప్పాలంటే, ఇఫ్ కండిషన్‌లో రాసిపెట్టిన నంబరు.

మరి ఆ నంబరు ఎవరు రాస్తారు? పీఎం 2.5కి ఏడాది సగటు 40 దాటకూడదని మన దేశం 2009లో నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికి 10 అంటోంది, 2021లో దాన్ని 5కి తగ్గించింది. ఆ సంస్థ ఆరోగ్యం ఒక్కటే చూసి చెబుతుంది. ప్రభుత్వం గీసే గీతలో కరెంటు ధర, పరిశ్రమలు, ఉద్యోగాలు కూడా కలుస్తాయి. కలపడమే తప్పని నేను అనను. ఏది ఎంత కలిపారో మనకి తెలియాలి అంటాను.

దీనికి మంచి ఉదాహరణ బొగ్గు కరెంటు ప్లాంట్ల కథ. బొగ్గు మండితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని ఆపడానికి ఎఫ్‌జీడీ అనే యంత్రం ఉంది. సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి పొగ మీద చిమ్ముతారు. గంధకం అందులో చిక్కుకుని జిప్సంగా మారుతుంది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఈ వాయువుకి హద్దు పెట్టి, ప్లాంట్లకి రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు 2022కి జరిగింది. తర్వాత మళ్లీ మళ్లీ జరిగింది. చివరికి 2025 జులైలో నూటికి దాదాపు 78 యూనిట్లకి ఆ హద్దే వర్తించదన్నారు. పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు.

ప్రభుత్వం చెప్పే కారణాలు ఇవి: మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ చాలా చోట్ల హద్దు లోపలే ఉంది, యంత్రాల ఖర్చు కరెంటు బిల్లు మీద పడుతుంది, అవి నడవడానికి ఇంకా బొగ్గు కాల్చాలి. పర్యావరణ సంస్థల జవాబు ఏంటంటే, ఆ వాయువు వాయువుగానే ఉండిపోదు. గాలిలో రసాయన చర్య జరిగి సల్ఫేట్ ధూళిగా మారుతుంది. అంటే పీఎం 2.5లో చేరుతుంది, వందల కిలోమీటర్లు పోతుంది. వాయువునే కొలిస్తే ఈ సగం కథ లెక్కలోకి రాదు. ఎత్తయిన గొట్టం పొగని దూరంగా పంచుతుందే తప్ప తగ్గించదు.

నాకు ఈ రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. ఇందులో నా స్వార్థం కూడా ఉంది. మా తాతయ్య వాళ్ల ఊరు ఒక థర్మల్ ప్లాంటుకి దగ్గర. డాబా మీద ఆరేసిన బట్టల మీద బూడిద కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్ని తిడతారు. కనిపించని వాయువు సంగతి ఎవరూ ఎత్తరు. కొత్త నియమం ప్రకారం, పది లక్షలు దాటిన నగరానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న ప్లాంట్లకి ఆ యంత్రం తప్పనిసరి. మా తాతయ్య ఊరి దగ్గర అలాంటి నగరం లేదు. అక్కడ గాలి కొలిచే స్టేషనూ లేదు, యాప్ తెరిస్తే ఎక్కడో దూరపు టౌను నంబరు చూపిస్తుంది. మినహాయింపు ఇచ్చింది ప్లాంటుకే, కానీ ఆ గాలి పీల్చేది మా తాతయ్య.

ఇలాంటి గీతలు మారవా అంటే, మారిన సందర్భాలున్నాయి. ఢిల్లీ గాలి మీద ఎం.సి. మెహతా 1985లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1996లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ వాహనాల పొగ మీద పుస్తకం తెచ్చింది. సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని 1998లో కోర్టు ఆదేశించింది. గొడవలు, గడువు పొడిగింపులు అన్నీ అయ్యి 2002 చివరికి బస్సులు మారాయి. కేసు వేసిన నాటి నుంచి పదిహేడేళ్లు.

మనం కోర్టుకి వెళ్లక్కర్లేదు. పెద్ద ప్లాంటు కట్టాలన్నా, పెంచాలన్నా సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి ముందు పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. అంటే మన దగ్గర తెలుగులో. అందులో టన్నులు, మైక్రోగ్రాములు, పొగగొట్టం మీటర్లు అన్నీ ఉంటాయి. ఊళ్లోవాళ్లు సభకి వెళ్లేలోపు వాటిని చదివి, "ఈ అంకె అంటే ఇదీ" అని మామూలు తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. నంబర్లూ తెలుగూ రెండూ వచ్చినవాళ్లు ఈ క్లబ్‌లోనే నలభైమందిమి ఉన్నాం.