పులిజూదం: పటం చదివినవాడిదే ఆట

పులిజూదం ఆడాలంటే ముందు పటం గీయాలి. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో అందుకు అట్టముక్కలేమీ అక్కర్లేదు. గుడి ముందర బండో, ఇంటి అరుగో ఉంటే చాలు. బొగ్గుతోనో సుద్దముక్కతోనో గీతలు గీసి, 3 గులకరాళ్లను పులులనుకుంటారు, 15 చింతగింజలను మేకలనుకుంటారు. కుప్పం పొలిమేర దాటి తమిళనాడులోకి వెళ్తే ఇదే ‘ఆడు పులి ఆట్టం’, కర్ణాటకలోకి వెళ్తే ‘ఆడు హులి ఆట’.

పటం ఇలా గీయాలి. పైన ఒక శిఖరం. అక్కడి నుంచి కిందికి విచ్చుకుంటూ 4 గీతలు. వాటి కొసలను కలుపుతూ అడుగున ఒక గీత. నడుమ 3 అడ్డగీతలు, ఇవి త్రికోణం దాటి రెండు పక్కలా బయటికి రావాలి. బయటికొచ్చిన కొసలను ఇటొక నిలువు గీత, అటొక నిలువు గీత కలుపుతాయి. ఇవే పక్క గీతలు. గీతలు కలిసే కూడళ్లు మొత్తం 23: శిఖరం ఒకటి, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4.

పులుల్లో ఒకటి శిఖరాన, మిగతా రెండూ మొదటి అడ్డగీత నడిమి కూడళ్లలో కూర్చుంటాయి. మేకల పక్షం ఒక్కో మేకను ఖాళీ కూడలిలో దింపుతుంటే, పులుల పక్షం ప్రతిసారీ ఒక పులిని కదుపుతుంది. 15 మేకలూ దిగాకే మేకలకు నడక. పక్కనున్న మేక మీదుగా, అదే గీత వెంట, అవతలి కూడలి ఖాళీగా ఉంటే పులి దూకి ఆ మేకను తింటుంది. పులులకు కదలిక లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. చుట్టుముట్టడానికి మేకలు చాలకపోతే పులులు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్టో ఊరికో పట్టింపు ఉంటుంది. అది ముందే మాట్లాడుకోవాలి.

కొత్తగా ఆడేవాళ్ల కళ్లు పులి మీదే ఉంటాయి. చూడాల్సింది మేక వెనకున్న కూడలిని. మొదటి అడ్డగీత మీద పులికి ఎడమ పక్కన మొదటి మేకను పెట్టారనుకుందాం. దాని అవతల అడ్డగీత కొస ఖాళీ. ఒక్క దూకుతో మేక పోయింది. ఆ కొసలో ముందే ఇంకో మేక ఉంటే ఆ గీత వెంట దూకడం కుదరదు. అయినా శిఖరం మీది పులి ఏటవాలు గీత వెంట కిందికి దూకొచ్చు. అంటే కాపు ఒక్క గీత మీద ఉంటే సరిపోదు. మేక మీదుగా పోయే ప్రతి గీతలోనూ ఒక పక్కనైనా తోటి మేక ఉండాలి. అప్పుడు దాన్ని ఏ పులీ తినలేదు.

మరి ఏ కాపూ లేకుండానే క్షేమంగా ఉండే చోట్లున్నాయా? ఉన్నాయి, 7. శిఖరం, పక్క గీతల 4 కొసలు, అడుగు గీత 2 కొసలు. అక్కడితో గీత ఆగిపోతుంది కాబట్టి దూకడానికి అవతల చోటే లేదు. శిఖరం పులి చేతిలో ఉంటుంది గనుక మేకలకు మిగిలేవి 6. మొదటి 6 మేకలు అక్కడికే పోవాలి. ఆ తర్వాత పక్క గీతల నడిమి కూడళ్లు, అడుగు గీత నడిమి కూడళ్లు. ఇప్పటికి 10 మేకలు దిగాయి, ఒక్కటీ ప్రమాదంలో లేదు. ఆ కాపుతో మూడో అడ్డగీతను ఒక కొస నుంచి నింపుకుంటూ వస్తే 14. పదిహేనోది రెండో అడ్డగీత మీద, పక్క గీతను ఆనుకుని. పులి అడ్డం రాకపోతే ఒక్క మేక కూడా పోకుండా అన్నీ దిగిపోతాయి.

అందుకే తెలిసిన పులి పైన కూర్చోదు. మేకల గోడ లేవకముందే దిగి ఒక మూలను పట్టుకుంటుంది. కానీ మూలకు దారులు రెండే. ఆ రెండు దారుల్లో రెండేసి చొప్పున 4 మేకలు నిలబడితే పులి అక్కడే బందీ. రెండో అడ్డగీత నడిమి కూడలిలో ఉన్న పులికి 4 దారులు, దాన్ని కట్టెయ్యాలంటే 8 మేకలు కావాలి. మూలలో చెడగొట్టి, మళ్లీ నడిమికి వచ్చెయ్యడమే పులి నేర్పు. పులులు ఒకచోట చేరితే ఇంకా చేటు, ఎందుకంటే పులి పులి మీదుగా దూకలేదు. మూడూ ఒకే పక్క గీత మీదికి చేరితే 6 మేకలే వాటిని కట్టేస్తాయి.

మేకను ఎరవేసి పులిని వెంటనే బంధించొచ్చనుకోవడం భ్రమ. దూకిన పులి వెనక రెండు కూడళ్లు ఖాళీ అవుతాయి. మేకలకు ఉండేది ఒక్క ఎత్తు. దగ్గరి కూడలి మూస్తే దాని మీదుగా తిరిగి దూకుతుంది, దూరపుది మూస్తే నడిచి బయటపడుతుంది. ఎర పనికొచ్చేది పులిని గోడ దగ్గర్నుంచి పక్కకు లాగడానికే.

నేపాల్ ‘బాఘ్ చాల్’లో 4 పులులు, 20 మేకలు, చతురస్రంలో 25 కూడళ్లు. పటం మారింది, వెనక ఖాళీ చూసుకోవాలన్న సూత్రం మారలేదు. 2019లో థండర్‌వర్క్స్ గేమ్స్ తెచ్చిన ‘కార్టోగ్రాఫర్స్’ అనే ఆటలో ఆటగాళ్లు 11 వరుసలు, 11 నిలువుల కాగితం మీద అడవులు, ఊళ్లు, పొలాలు, ఏర్లు గీసుకుంటూ ఊహాలోకపు పటం నింపుతారు. మధ్యలో పక్కవాడు మీ కాగితం తీసుకుని రాక్షసుల్ని గీస్తాడు. రాక్షసుణ్ని ఆనుకున్న ప్రతి ఖాళీ గడికీ ఆటలోని ఒక్కో విడత (రుతువు) ముగింపులో ఒక పాయింటు పోతుంది. అక్కడా నష్టం తెచ్చేది రాక్షసుడి పక్కన వదిలేసిన ఖాళీయే.

పిల్లలకు నేర్పేటప్పుడు ఒక్క ఆటతో ఆపొద్దు. పక్షాలు మార్చి రెండాటలు ఆడించి, ఎవరు తక్కువ మేకల్ని పోగొట్టుకున్నారో వాళ్లను గెలిపించండి. పులి పక్షాన కూర్చుని ఖాళీలు వెతికినవాడికి, మేకల పక్షం వచ్చేసరికి ఎక్కడ కాపు పెట్టాలో చెప్పనక్కర్లేదు.