పాటల్లేని ‘ఎ వెన్స్‌డే’ – కూరల సంచి మనిషి

హిందీ సినిమా అంటే అరడజను పాటలుంటాయి, మధ్యలో లేచి వెళ్ళి పోపు వేసుకొచ్చినా కథ ఎక్కడికీ పోదు అన్న ధీమా మనకుంటుంది కదండీ! 2008 సెప్టెంబరులో వచ్చిన ‘ఎ వెన్స్‌డే’ దగ్గర ఆ ధీమా పనికిరాదు. ఒక్క పాట లేదు, ప్రేమకథ లేదు. గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. వంటిల్లు సర్దేసి మరీ కూర్చోండి.

ముంబైలో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు లోపల జరిగే కథ ఇది. కట్టడం పూర్తికాని ఓ భవనం డాబా ఎక్కి ఒకాయన పోలీసు కమిషనరుకి ఫోన్ చేస్తాడు. ఊళ్ళో బాంబులు పెట్టాననీ, పోలీసుల చేతిలో ఉన్న నలుగురు ఉగ్రవాదుల్ని తనకి అప్పగించాలనీ అంటాడు. ఫోన్ చేసింది నసీరుద్దీన్ షా, ఎత్తింది అనుపమ్ ఖేర్. ఇద్దరూ ఎదురుపడేది చిట్టచివర్లోనే. అయినా మనం కుర్చీ అంచునే కూర్చుంటాం. దర్శకుడు నీరజ్ పాండేకి ఇదే తొలి సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కథ ముందే తెలిస్తే నచ్చనివారు ఇక్కడ ఆపేసి, సినిమా చూశాక మిగతాది చదవండి.

ఆయన ఆ నలుగుర్నీ అడిగింది విడిపించడానికి కాదు, చంపడానికి. తానొక మామూలు మనిషినంటాడు. 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్ళలో బాంబులు పేలి 180 మందికి పైగా పోయారు. రోజూ రైల్లో కనిపించే ఓ కుర్రాడు నిశ్చితార్థం ఉంగరం చూపించి మురిసిపోయాడట, ఆ పేలుళ్ళలో పోయాడట. మా ఆవిడ గంటగంటకీ ఫోన్ చేసి టీ తాగారా, అన్నం తిన్నారా అంటుంది, నిజానికి ఆవిడ అడిగేది నేను బతికున్నానా అని – ఇదీ ఆయన మాటల సారం. నాకు గొంతు పట్టేసింది. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర 42 మంది పోయిన రాత్రి, ఇంటికి రాని మనిషి కోసం ఫోన్ పట్టుకుని ఎంతమంది ఆడవాళ్ళు కూర్చున్నారో!

అయితే ఇంకో మాట కూడా అంటాడు. ఇంట్లోకి బొద్దింక వస్తే పెంచుకోం, చంపుతాం, నేనూ ఇల్లు శుభ్రం చేసుకుంటున్నానని. ఇది మన వంటింటి మాటే, అందుకే చప్పున ఎక్కేస్తుంది. మా వారైతే చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అది మింగుడు పడలేదు. బొద్దింకని చూడగానే బొద్దింక అని తెలుస్తుంది. మనిషి నేరం అలా తెలుస్తుందా? సినిమాలో ఆ నలుగురూ దోషులేనని మనకి కథే చెప్పేస్తుంది కాబట్టి అనుమానం రాదు. ముగ్గురు బాంబుకి పోతారు, నాలుగోవాణ్ణి పోలీసులే కాల్చేస్తారు.

అసలు రైలు పేలుళ్ళ కేసు ఏమైందో చూడండి. 2015లో కింది కోర్టు 12 మందిని దోషులంది, అందులో అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 జూలైలో బొంబాయి హైకోర్టు ఆ కేసు రుజువు కాలేదని అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అప్పటికి వాళ్ళు జైలుకెళ్ళి పంతొమ్మిదేళ్ళు కావస్తోంది. వాళ్ళ ఇళ్ళల్లోనూ తల్లులు, భార్యలు ఉన్నారు కదా. పోయినవాళ్ళ ఇళ్ళల్లోనేమో, మరి చేసిందెవరన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

హిందీ రానివారు 2009లో వచ్చిన తెలుగు ‘ఈనాడు’ చూడొచ్చు. కమల్ హాసన్ ఆ మామూలు మనిషి, వెంకటేష్ కమిషనరు. నా ఓటు మాత్రం నసీరుద్దీన్ షాకే. మరీ చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి, కొట్టడాలు, తిట్లు ఉన్నాయి.

చివర్లో ఆయన కూరల సంచి పట్టుకుని మామూలుగా ఇంటిదారి పడతాడు. పేరు కూడా మనకి చెప్పరు, పేరు వింటే మతం వెతుకుతామని. మా అత్తగారు మాత్రం టీవీ కట్టేశాక ఒక్కటే అడిగారు: “ఆ కూరలు అందుకున్నావిడకి తెలుసా, మొగుడు ఏం చేసొచ్చాడో?”